సెకనుకొక అంకె

సెకనుకొక అంకె చొప్పున చదవాలి.
గొంతు ఎత్తకూడదు, దించకూడదు.
పిల్ల తడబడితే తల ఊపకూడదు.
మళ్ళీ చెప్పమంటే
"నీకు గుర్తున్నంత చెప్పు" అనాలి.
ఇరవై రెండేళ్లుగా ఇదే నా కొలువు.

ఐదు. ఎనిమిది. రెండు.

సారెమా దీవిలో నవంబరు.
మూడున్నరకే కిటికీ నిండా చీకటి.
ఫెర్రీ దిగి, జూనిపర్ పొదల నడుమ బస్సులో వచ్చి
ఈ బడిలో చీపుళ్ల గదిని ఖాళీ చేయించుకుని కూర్చున్నాను.
ఎదురుగా మిర్తెల్. తొమ్మిదేళ్లు.
కుర్చీలోంచి కాళ్లు నేలకందవు.
ఒంట్లో ప్రతి కణంలోనూ
ఇరవై ఒకటో పుట
ఒక ప్రతి ఎక్కువ పడింది.

"రెండు," అంది.
చివరిదే చేతికి చిక్కింది,
ముందువి వేళ్ల సందుల్లోంచి జారిపోయాయి.
వెనక బెంచీ మీద వాళ్లమ్మ ఐరె
చప్పుడు లేకుండా పెదాలు కదుపుతోంది: ఐదు, ఎనిమిది...
చూడనట్టే ఉన్నాను.

ఆరు. నాలుగు.

"నీ బూటులో నీళ్లున్నాయి."

నిజమే. రేవు దగ్గర గుంటలో కాలేశాను.
అడుగేస్తే కిచ్ మంటుంది.
ఆ కిచ్ నాకు వినబడటం మానేసి గంటలైంది.
పత్రంలో దానికి గడి లేదు.
"ధ్యాస చెదిరింది" అన్న గడి ఉంది.
టిక్కు పెట్టాను.

విరామంలో బూటు విప్పి హీటరు పక్కన పెట్టాను.
ఐరె నల్లరొట్టె మీద పొగబెట్టిన చేప పెట్టి ఇచ్చింది.
పిల్లని వరండాలోకి పంపి,
బస్సు వేళలు చెప్పే గొంతుతో చెప్పింది:

"నాన్న పోయి ఏడాదిన్నర.
పొద్దున్నే ఇది జావకి మూడు గిన్నెలు పెడుతుంది.
తాత ఏడీ అంటుంది.
పోయాడమ్మా అంటాను.
మొదటిసారి విన్నట్టే వింటుంది.
మొదటిసారి ఏడ్చినట్టే ఏడుస్తుంది.
బడి బస్సెక్కేసరికి కళ్లు తడారిపోతాయి.
నాకే,
రోజూ జావ కాచినట్టు
రోజూ మా నాన్నని చంపుతున్నట్టుంటుంది."

కొన్నాళ్లు అబద్ధం చెప్పి చూసిందట,
పడవ మీద వెళ్లాడని.
పిల్ల ఏడవలేదు. కిటికీ వదల్లేదు.
బస్సు హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది.

చెవిన వేసింది నిలవకపోతే
కంటికి చూపించండి, గోడకి బొమ్మలు అంటించండి అన్నాను.
పుస్తకంలో మాట.
ఐరె నవ్వింది.
"సమాధి ఫోటో అంటించాం. కల్యు అని చెక్కిన రాయి.
మా భాషలో కల్యు అంటే బండరాయే కదా,
చూసి, తాత ఇదిగో అంటుంది.
మళ్ళీ మూడో గిన్నె తీస్తుంది.
తీయనిస్తున్నాను. పిల్లి తాగుతుంది."

తర్వాత చెక్క దిమ్మలు.
నేను తాకిన వరుసలోనే తాకాలి.
మూడు, తప్పలేదు. నాలుగు, తప్పలేదు,
నాలుక కొస బయటపెట్టి, వేలితో మెల్లగా,
నిద్రపోతున్న కోడిపిల్లల్ని ముట్టుకున్నట్టు.
ఐదోదానికి నేనే వరుస మరిచిపోయాను.
"పరీక్షకురాలి పొరపాటు" అని రాసుకున్నాను.

సంచి సర్దుకుని చూస్తే
హీటరు పక్కన నా బూటు లావెక్కింది.
లోపల పాత వార్తాపత్రిక, ఉండలు ఉండలుగా,
మడమ దాకా కుక్కి ఉంది.
నిన్నటి చేపల ధర ఒకటి బయటికి చూస్తోంది.

"ఎవరు నేర్పారు నీకు?"

"తాత," అంది. వెంటనే.
అని, గది నాలుగు మూలలూ చూసి,
చీపుళ్లుండే మూల కూడా చూసి,
"తాత ఏడీ?"

ఐరె బయట కారు అద్దం మీద మంచు గీకుతోంది.
గదిలో పెద్దదాన్ని నేనొక్కదాన్నే.
ఒక సెకను.
ఇంకొకటి.

గొంతు ఎత్తలేదనే అనుకుంటాను.
"నీకు గుర్తున్నంత చెప్పు," అన్నాను,
పత్రం లేకుండా, పెన్సిలు లేకుండా,
ఒంటి కాలి బూటుతో నేల మీద కూర్చుని.

చాలాసేపు ఆలోచించింది.
"మేజోళ్లు," అంది.
"ఊలువి. బూడిద రంగు.
ఒకదానికి బొక్క."